గద్దగుండు దగ్గర ఆగే మనిషి

నీలగిరి తైలం సీసా మూత తీస్తే చాలు, నాకు చలేస్తుంది. ఎండాకాలమైనా అంతే. మొన్న ఆదివారం కుప్పం దగ్గర అడవిదారిలో మా పరుగు జట్టులోని శైలజకు పిక్కలు పట్టేశాయి. కూర్చోబెట్టి, తైలం రాసి, కాలు చాపించి మెల్లగా సాగదీస్తుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. అంతే, తడిసిన బండల వాసన వచ్చింది, చెట్ల మధ్య నిలబడిపోయిన మంచు వచ్చింది, "పాపా, ఉండావా?" అనే గొంతు వచ్చింది. ఆ గొంతు తర్వాత వచ్చే నిశ్శబ్దం కూడా వచ్చింది. నాకు చలేసేది తైలానికి కాదు, ఆ నిశ్శబ్దానికి.

ఆ గొంతు చెంగల్రాయప్పది. మదనపల్లె టమోటా మండీలో దళారీ వ్యాపారం ఆయనది. తొంభైల నడుమ నేను బి.యిడి. చదివేటప్పుడు అమ్మా నేనూ ఆయన మిద్దె మీది వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్నకు సదుంలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి పోయేవాడు. చెంగల్రాయప్పను నేను మామా అనేదాన్ని, ఆయన భార్య రుక్మిణమ్మను అత్తా అనేదాన్ని. మామకు అప్పటికే యాభై దాటాయి. మండీలో వేలంపాట పాడేటప్పుడు బజారంతా వినబడే మనిషి, ఇంట్లో మాత్రం మంచినీళ్లు కావాలన్నా సైగే. తెల్లవారకముందే లేచి, పాత కాన్వాసు బూట్లు వేసుకుని పుంగనూరు దారిలో ఉన్న గుట్టల మీదికి పరుగెత్తి పోయేవాడు. పతకాలకా, పందేలకా అంటే అవీ లేవు. మా అమ్మకు ఇది అంతుపట్టేది కాదు. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు. ఈయన పరుగెత్తి నీళ్లు కూడా తాగడే" అని నవ్వేది.

నన్ను ఆ కొండ మీదికి పంపింది రుక్మిణమ్మత్త. కాలేజీ ఆటలపోటీల్లో నేను పరుగెత్తానని తెలిసి ఒకరోజు మెట్ల దగ్గర ఆపింది.

"పాపా, మీ మామతో రోజూ కొండకు పోతావా?"

"నేనా? ఆయన వేగం నాకెక్కడొస్తుందత్తా?"

"వేగం యాల? తోడుండు సాలు. ఆ మనిషిని ఒంటిగా పంపాలంటే నాకు బయం. పోయినోడు పోయినట్ట రాడు. ఆడ నిలబడిపోతాడు."

ఎక్కడ నిలబడతాడో, ఎందుకో అడిగితే మాట మార్చేసింది. మా అమ్మను కూడా ఆమే ఒప్పించింది. అలా నా శిక్షణ మొదలైంది. మామ చెప్పింది తక్కువ, చేయించింది ఎక్కువ. ఎక్కేటప్పుడు ఊపిరి బరువైతే నడవమనేవాడు, నడిస్తే పరువేమీ పోదనేవాడు. దిగేటప్పుడు అడుగు చిన్నదిగా వేయాలి, మోకాలు బిగపట్టకూడదు, చూపు పాదం మీద కాకుండా పాదం పడబోయే చోట ఉండాలి. ఒకసారి మోకాలి కింద ఎముక వెంట నొప్పి మొదలైతే చెప్పకుండా పరుగెత్తాను. నా అడుగుల్లో తేడా చూసి ఆగిపోయాడు. "నొప్పిని దాసిపెడితే అది వడ్డీతో వస్తాది" అన్నాడు. మండీ మనిషి కదా, ఏ మాటైనా చివరికి వడ్డీ దగ్గరికే చేరేది. నొప్పి పూర్తిగా పోయేదాకా కొండ మాట ఎత్తనివ్వలేదు. రోజూ పెరట్లో చన్నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టి కూర్చోవడం, తర్వాత పిక్కలకు అత్త చేత నీలగిరి తైలం. నేను విసుక్కుంటే ఆయన సైగ ఒకటే, అరచెయ్యి కిందికి ఊపడం. నిదానం అని.

అన్నిటికంటే పెద్ద నియమం పిలుపు. ఆ కొండదారి బండల మధ్య మెలికలు తిరిగేది, చలికాలం మంచులో ముందు మనిషి వీపు కూడా కనబడేది కాదు. అందుకని ప్రతి మలుపులో ఆయన ఆగి, "పాపా, ఉండావా?" అని కేకేసేవాడు. "ఉండా" అని నేను పలికితేనే కదిలేవాడు. సగం కొండ మీద గద్దగుండు అనే పెద్ద బండ ఉండేది. దాని కింద అరుగులాంటి చదును, అవతల లోతైన కోన. అక్కడ మాత్రం నేను పలికాక కూడా ఆయన కదిలేవాడు కాదు. తల కొంచెం పక్కకు వంచి, కోనవైపు చూస్తూ నిలబడేవాడు. మొదట్లో ఆయాసం తీర్చుకుంటున్నాడనుకున్నాను. తర్వాత గమనించాను, ఆయన ఊపిరి బిగబట్టి వింటున్నాడు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. ఆ కాసేపూ కోనవైపు చూడకుండా నా బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకునేదాన్ని.

అసలు సంగతి అత్త చెప్పింది, ఒక సాయంత్రం నా కాలికి తైలం రాస్తూ. పుంగనూరు నారాయణప్పా, మామా చిన్నప్పటి నుంచి జోడీ. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఆ కొండ మీదే పరుగెత్తేవాళ్లు. ఒక మంచురోజు గద్దగుండు దగ్గర నారాయణప్ప చీలమండ బెణికింది. అడుగు వేయలేకపోయాడు.

"మీ మామ ఏమి సేసినాడంటే, ఈడనే కూసో నారాయణా, మనుసుల్ని పిల్చుకోని వచ్చేస్తా అని దిగొచ్చేసినాడు. నలుగుర్ని పిల్చుకోని పోయి సూస్తే మనిషి లేడు. కోనంతా ఎతికినారు. పోలీసోళ్లు ఎతికినారు. బూటు కూడా దొరకలే." అత్త తైలం సీసాకు మూత పెట్టింది. "పిలిస్తే వాడు పలుకుతాండాడంట. ఈయనకొక్కడికే ఇనబడతాది. నేను రెండు తూర్లు ఆయన కూడా పోయినా, నాకైతే ఏమీ ఇనబళ్ళే. మతి తప్పుతాండాదేమోనని ఆయనకే అనుమానం. ఆ మాట ఎవురితో అంటాడు?"

ఆ తర్వాత నేను కొండకు పోవడం మానేస్తాననే అత్త అనుకుందట. మానలేదు. కుప్పం వైపు ఒక యువజన సంఘంవాళ్లు అడవిదారుల మీద పరుగుపందెం పెడుతున్నారని తెలిసి నా పేరు ఇచ్చేశాను. మామ సరేనన్నాడు. పందెం రెండు వారాల్లో ఉందనగా, ఆ చలికాలమంతటిలోకీ చిక్కటి మంచు పట్టిన ఒక పొద్దున, గద్దగుండు మలుపులో తడి ఆకుల మీద నా పాదం జారింది. చీలమండ లోపల ఏదో పుటుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ వెనక్కి పరుగున వచ్చి నా చంకల కింద చేతులు వేసి అరుగు మీద కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాక గానీ అది ఏ అరుగో ఇద్దరికీ తట్టలేదు.

నేను నొప్పిలో తెలివిగా మాట్లాడుతున్నాననుకుని అనేశాను. "మామా, మీరు దిగిపోయి ఎవరినైనా పిలుచుకుని రండి. నేను ఇక్కడే కూర్చుంటాను."

ఆయన ముఖం పాలిపోయింది. "ఆ మాట అనొద్దు పాపా" అన్నాడు మెల్లగా. మోకాళ్ల మీద కూర్చుని నా బూటు విప్పాడు. తువ్వాలు బండ గుంటలోని నీళ్లలో తడిపి చీలమండకు చుట్టాడు, రెండు పక్కలా పుల్లలు పెట్టి, కాలు కదలకుండా కట్టాడు. కాలిని రాయి మీద ఎత్తుగా పెట్టాడు. తన చొక్కా విప్పి నా భుజాల మీద కప్పాడు. మేకలవాళ్లు ఎవరైనా దగ్గర్లో ఉంటారని లేచి నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టి, "ఎవురన్నా ఉండారా?" అని అరిచాడు.

కోనలోంచి జవాబొచ్చింది. "ఉండా."

మగ గొంతు. పెద్దగా అరిచినట్టు లేదు. చాలాసేపటి నుంచి ఒకేచోట కూర్చుని అలసిపోయిన మనిషి పలికినట్టు ఉంది. తర్వాత ఇన్నేళ్లూ పిల్లలకు సైన్సు పాఠం చెప్పాను, ప్రతిధ్వని ఎలా పుడుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చూపించాను. ప్రతిధ్వని మన గొంతునే తిప్పి ఇస్తుంది. అది మామ గొంతు కాదు.

మామ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "ఇనబడిందా? పాపా, నీకూ ఇనబడిందా?"

"వినబడింది మామా."

ఆయన ముఖంలో భయం కనబడుతుందనుకున్నాను. కనబడింది సంతోషం. పండక్కి కొడుకు బస్సు దిగుతుంటే చూసే తండ్రికి ఉండేలాంటి సంతోషం. నాకు అదే ఎక్కువ భయం వేసింది. "నారాయణా!" అని పిలిచాడు. "ఉండా" అని మళ్లీ పలికింది, ఈసారి కొంచెం కిందినుంచి. మామ దారి వదిలి దిగాడు. కోనవైపు ఒక అడుగు, ఇంకొక అడుగు. తెల్ల బనియను మంచులో కలిసిపోయింది. రాలిన ఆకుల మీద అడుగుల చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. పిలవాలని నోరు తెరిచాను, గొంతు రాలేదు. పిలిచే హక్కు నాకేముందని కూడా అనిపించింది. ఆయన పదిహేనేళ్లకు పైగా ఒంటరిగా వింటూ వచ్చిన జవాబు అది. పోతే ఆ మనిషి తిరిగి రాడని మాత్రం నాకు ఎందుకో తెలిసిపోయింది. చొక్కా కప్పుకుని, నోరు తెరుచుకుని కూర్చున్నాను.

అప్పుడు మంచులోంచి ఆయన గొంతు, రోజూ ప్రతి మలుపులో వినే మాటే. "పాపా, ఉండావా?"

ఏడుపుతో పాటు గొంతు వచ్చేసింది. "ఉండా మామా! ఉండా!"

అడుగుల చప్పుడు నావైపు తిరిగింది. వచ్చి నా పక్కన కూలబడి, కట్టు కట్టిన పాదాన్ని ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నాడు. మూడోసారి కోనలోంచి గొంతు వచ్చింది. ఎవరూ పిలవకుండానే, దూరంగా. మామ పలకలేదు. పెదవులు బిగబట్టి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నా పాదాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నొప్పితో ప్రాణం పోతున్నా వదలమని అనలేదు.

ఎండ వచ్చి మంచు విడిపోయాక మేకలు కాసే అన్నదమ్ములు ఇద్దరు పైకి వచ్చారు. కోనలో ఎవరైనా ఉన్నారా అని నేనే అడిగాను. "మేము ఆ పక్కనుంచే వస్తాండాము. పురుగు కూడా లేదు" అన్నారు. వాళ్లూ మామా నన్ను మోసుకుని దిగారు. దారి పొడుగునా మామ అన్నది ఒకే మాట. "వాడు కూసున్న సోటే ఉండాడు. నేనే రెండు తూర్లు వదిలేస్తి."

ఎక్స్‌రే ఫోటో తీయిస్తే ఎముక సన్నగా చిట్లిందన్నారు. అమ్మ ఊరుకోక పుత్తూరు కట్టు కూడా కట్టించింది. ఆ ఏడు పందెం తప్పిపోయింది. అత్త మాత్రం నాకు పాలు తెచ్చిచ్చి, "నీ కాలు చిట్లినా నా ఇల్లు నిలబడింది పాపా" అని కళ్లు తుడుచుకుంది. నిజమే, అప్పటినుంచి మామ కొండకు పోయినా వేళకు ఇల్లు చేరేవాడు. నా కాలు బాగయ్యాక మళ్లీ ఇద్దరం ఎక్కాం. గద్దగుండు దగ్గర నన్ను పిలిచాడు, నేను పలికాను, అంతే, కదిలిపోయాడు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆగి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. ఆ రోజు కొండ పైదాకా ఏడుస్తూనే పరుగెత్తాను. మరుసటేడు కుప్పం పందెంలో ఎక్కడో నడుమన వచ్చాను. గీత దాటగానే ఎదురొచ్చి ఆయన అడిగింది ఒకటే, "నొప్పి లేదు గదా?"

ఉద్యోగం వచ్చి నేను కుప్పంలో స్థిరపడ్డాను. రెండు వేల సంవత్సరం దాటాక మామకు గుండె జబ్బు వచ్చి పరుగు మానేశాడు. చివరిసారి చూడబోయినప్పుడు అత్త కాఫీ కలపడానికి లోపలికి వెళ్లేదాకా ఆగి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఆ పొద్దు నువ్వు నిజంగా ఇన్నావా, నా మనసు కోసరం అన్నావా?"

"నిజంగానే విన్నాను మామా. నా మీద ఒట్టు."

"అయితే సాల్లే. నాకు మతి తప్పలే" అన్నాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే పోయాడు.

మా జట్టులో నియమం ఇప్పటికీ అదే. ప్రతి మలుపులో పేరు పేరునా పిలుస్తాను, అందరూ పలికితేనే కదులుతాను. కాలు బెణికిన మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ఎవరూ కదలకూడదు, ఎంత ఆలస్యమైనా సరే. మొన్న శైలజ కుంటుతూ లేచి నిలబడ్డాక కూడా అందరినీ పిలిచాను. అందరూ పలికారు. వానకు ముందు మబ్బు దిగి దారి మసకబారింది. నేను కదలకపోతే శైలజే అడిగింది, "అందరం ఉండాము గదా మేడం, ఇంకెవురి కోసం?"

ఏమని చెప్పను? ఆ పొద్దు నా కోసం మామ గద్దగుండు కోనలో ఒక మనిషిని వదిలేసి వచ్చాడు. మామ తరఫున ఎవరో ఒకరు ఆగాలి కదా. అందుకే మంచో మబ్బో కమ్మిన రోజున అందరూ పలికాక ఇంకొక ఊపిరి తీసుకునేంతసేపు నిలబడతాను. ఇన్నేళ్లలో ఎవరూ పలకలేదు. పలికితే వెళ్తానో, వెనక్కి తిరుగుతానో నాకు ఇప్పటికీ తెలియదు.