ఎర్ర బోయా దాటేదాకా

పోయిన మంగళవారం పొద్దున్న మా మేనత్త పోయింది. కబురు అందేసరికి నేను ఫెర్రీలో ఉన్నాను. గంజి ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, మా హోప్ టౌన్ వైపు నుంచి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి వెళ్తున్నాను. ఆవిడకి తోడున్న పక్కింటి దీదీ ఫోన్ చేసి, "తొందరేం లేదు, ఆరామ్ సే ఆ బేటీ, అత్త ఇక లేదు" అంది. నీళ్ల మధ్యలో ఎక్కడికని పరిగెత్తను? అవతలి ఒడ్డు వచ్చినా గంజి ఇంకా వేడిగానే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్లు ఈ దీవులకి బతకడానికొచ్చిన రోజుల్లో, ఏడేళ్ల పిల్లగా తండ్రి చెయ్యి పట్టుకుని విశాఖలో ఓడెక్కిందట మా అత్త. పెద్దయ్యాక చేపల తట్ట నెత్తికెత్తుకుంది. నడివయసంతా అదే బతుకు. ఫెర్రీ ఎంత ఊగినా ఊచ పట్టుకునేది కాదు. నెత్తి మీద తట్ట, తట్టలో సుర్మయి చేపలు, నోట్లో తమలపాకు. చుట్టూ ఉన్న మగాళ్లు తూలిపడుతుంటే చూసి నవ్వేది. నేను రంగత్ నుంచి చదువుకని ఆవిడ దగ్గరికొచ్చి, బజారులో గుమాస్తా ఉద్యోగం దొరికాక కూడా అక్కడే ఉండిపోయాను. ఆవిడకి పిల్లల్లేరు. మా అమ్మ ఉన్నా నాకు అమ్మ ఆవిడే. ఇది మా అమ్మకీ తెలుసు.

నాకు సైకిల్ పిచ్చి. బహుమతులూ పతకాలూ ఏమీ లేవు, ఆదివారం వస్తే నలుగురం కలిసి వండూర్ దాకా తొక్కి, టీ తాగి వచ్చేవాళ్లం. తడిసి వస్తే నన్ను వదిలేసి ముందు సైకిల్ తుడిచేది అత్త. "ఉప్పుగాలి ఇనుముని తినేత్తాదే. నిన్నయితే తినదు, ఉండు" అనేది. ఒకసారి చైనుకి కొబ్బరినూనె పూసేసింది. దుమ్మంతా పట్టుకుపోయి చైను తారులా తయారైంది. నేను గయ్యిమన్నాను. "నా జుట్టుకి మంచిదే, దీనికేటి రోగం?" అంది. ఎన్నిసార్లు చెప్పినా మానలేదు, నేను చూడకుండా పూసేది.

వానలు మొదలైతే మా రోడ్ల మీద పాచి పడుతుంది. సైకిల్ గోడెక్కుతుంది. ఆ నెలల్లో నడుమూ పొట్టా గట్టిపరుచుకుంటే మళ్లీ ఎండలు వచ్చాక ఎత్తు రోడ్ల చడావులో నొప్పి లేకుండా ఎక్కొచ్చని మా బ్యాచ్‌లో అనుకునేవాళ్లం. అందుకని వరండాలో చాప పరిచి, మోచేతుల మీదా కాలివేళ్ల మీదా ఒంటిని కర్రలా నిలబెట్టి ప్లాంక్ చేసేదాన్ని. మొదటిరోజు చూసి అత్త బుగ్గలు నొక్కుకుంది.

"ఏటే గుంటా, పడుకున్నావా, లేత్తన్నావా? రెండిట్లో ఏదో ఒకటి సెయ్యి!"

నవ్వొచ్చి చాప మీద పడిపోయాను. తర్వాత ఎందుకు చేస్తున్నానో చెబితే వెంటనే అర్థం చేసుకుంది. "అదేటి, నాకు తెల్దా? తొక్కేది కాలు, మోసేది నడుమే" అంది. ఫోన్లో సెకన్లు చూసుకోవడం ఆవిడకి నచ్చలేదు. మా వరండాలోంచి జెట్టీ కనిపిస్తుంది, నీళ్ల మీద తేలే ఎర్ర బోయా కూడా కనిపిస్తుంది. ఫెర్రీ జెట్టీ వదలగానే నేను నడుం ఎత్తాలి. అది బోయా దాటగానే అత్త "సాలే, దించీ!" అని కేకేసేది. ఆ కేక వినపడందే దించకూడదు. అది మా ఇంటి లెక్క.

ఈసారి వానల మొదట్లో ఒకరోజు, "నా నడుం పీకేత్తందే" అంది.

ఈ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు. అయినా రాస్తాను. "తట్ట మానేశాక నీ కండ కరిగిపోయింది అత్తా. నాతో పాటు చెయ్యి, తగ్గిపోతుంది, దో మహీనే మే ఠీక్ హో జాయేగా" అన్నాను. ఏ నొప్పయినా నడుం బలహీనతే అనుకునే రకాన్ని నేను. మా సైకిల్ వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది.

"సరే మేస్టరమ్మా" అని కుచ్చిళ్లు ఎగదోపి నా పక్కన చాపెక్కింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఫెర్రీ సగం దూరం వెళ్లేలోపే మోచేతులు వణికేవి. నొప్పి ఎక్కువైందంటే, కండ పడుతోంది అన్నాను. నేనే పక్కనుండి, "ఇంకొంచెం అత్తా, ఇంకొంచెం" అని అరిచాను. రెండు నెలలు అరిచాను.

చివరికి ఒకనాడు గోడ పట్టుకుని కూలబడితే ఆసుపత్రికి తీసుకెళ్లాను. "కబ్ సే దర్ద్ హై?" అని, నొప్పి ఎన్నాళ్ల నుంచో అడిగాడు డాక్టరు. నేను నోరు తెరిచాను. అత్త నా మణికట్టు గట్టిగా నొక్కి, "యహీ దో-చార్ దిన్ సే, సాబ్" అని రెండు నెలల నొప్పిని నాలుగు రోజులు చేసేసింది.

క్యాన్సర్. వెన్నులోకి దిగిపోయింది. ముందే తెచ్చినా చేయగలిగేది పెద్దగా ఉండేది కాదని బయట నాతో చెప్పాడాయన. అది నిజమో, నా మొహం చూసి జాలిపడి అన్నాడో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "అబద్ధం ఎందుకు చెప్పావు?" అని అడిగాను.

"నిజం సెప్తే నిన్ను నాలుగు అనీసేవోడు. నువ్వేటి డాకటేరువా? నాను బాగుండాలనే కదే సెప్పావు." కాసేపు ఊపిరి తీసుకుంది. "అయినా ఆ రెండు నెల్లూ మా బాగున్నాయే. పక్కపక్కన బోర్లా పడి ఎంత నవ్వుకున్నాం!"

అవును, నవ్వుకున్నాం. ఆవిడ నవ్వు మధ్యలో ఆగి పళ్లు బిగబట్టేది. అదీ నేను చూశాను. చూసి, పట్టుదల అనుకున్నాను.

వానలు వెళ్లిపోయాయి. ఆదివారం వండూర్ వెళ్దామని మా బ్యాచ్ కబురు పెట్టారు. సైకిల్ దించి చూస్తే చైను నిండా కొబ్బరినూనె. ఆసుపత్రికి వెళ్లే ముందెప్పుడో పూసినట్టుంది. తుడవబుద్ధి కాలేదు. మళ్లీ గోడకి తగిలించేశాను.

ఈ పొద్దున్న చాప పరిచాను. ఒక పక్క నా మోచేతులు ఆనే చోట అరిగింది. రెండో పక్క, ఆవిడ చోట, ఇంకా అరగలేదు, నాలుగు పోగులు లేచాయి అంతే. ఫెర్రీ జెట్టీ వదిలింది. నడుం ఎత్తాను. ఫెర్రీ వెళ్లి వెళ్లి ఎర్ర బోయా దాటింది. చేతులు వణుకుతున్నాయి, గడ్డం మీంచి చెమటో కన్నీళ్లో చాప మీద పడుతున్నాయి. ఆ కేక కోసం ఆగాను. ఫెర్రీ అవతలి ఒడ్డు వైపు చిన్నదైపోతోంది.

దించమని ఎవరూ అనలేదు.