నాయన పాటకు నా ముక్కు అడ్డం

ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండే రకాలు: ముక్కుతో గాలి పీల్చేవాళ్లు, నేను. ఆత్మకూరులో ఒక ఎరువుల కొట్లో కొత్తగా పనికి కుదిరాను. (బస్తాల దుమ్ముకే నా ముక్కు మూసుకుపోయిందని అవ్వ వాదన. అంతకు ముందు అది ఎప్పుడు తెరుచుకుందో మాత్రం చెప్పలేదు.) నోరు తెరుచుకుని బతకడం నాకు అలవాటే. కానీ ఆ ఏడు మా ఊరు ఉదయగిరిలో చర్చి పెద్దలు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర పాడే పాట నాకు అప్పగించారు. అది మా నాయన పాట. నాకు ఊహ తెలియకముందే ఆయన పోయాడు, ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన సమాధి ముందే నిలబడి పాడాలి. ఆయన పేరు నావల్ల పోతుందని తిండి కూడా సహించలేదు.

మందుల షాపులో ముక్కు మీద అంటించే పట్టీలు కొన్నాను. అవి ముక్కును రెండు పక్కలా లాగి దారి తెరవాలట. మా ఎండకు చెమట పట్టి ఊడిపోయి, ఒకటి ఎవరో రైతు యూరియా బస్తాకు అంటుకుని జలదంకి ఊరిదాకా వెళ్లిపోయింది. తర్వాత ముక్కులో దూర్చుకునే రబ్బరు గొట్టాలు తెప్పించాను. తుమ్ము రాగానే రెండూ బయటికి దూకాయి. ఒకటి ఓనరు టీ గ్లాసులో తేలింది.

"రేపట్నుంచి గోడౌన్లో కూచోరా," అన్నాడాయన, టీ పారబోస్తూ.

ఇక మిగిలింది అయస్కాంతం క్లిప్పు. ముక్కు మధ్య గోడను రెండు వైపులా పట్టుకుంటుంది. దాంతో నిజంగానే కాస్త గాలి ఆడింది. పండక్కి అది పెట్టుకునే ఉదయగిరిలో బస్సు దిగాను.

అవ్వ ఎగాదిగా చూసింది. "ఏందిరా అది, ఎద్దుకు ముక్కుతాడు ఏసినట్టు? పాడేటప్పుడన్నా తీసెయ్యి, పిలకాయలు జడుసుకుంటారు."

తీయలేదు. తెల్లవారుజామున నాయన సమాధి ముందు, పాట ఎత్తుకుందామని మైకు మీదికి వంగాను. మైకు జాలీ ఇనుముదన్న సంగతి నాకు తట్టనే లేదు. క్లిప్పు ముక్కులోంచి జారి టప్పున దానికి అతుక్కుంది. ఆ చప్పుడు స్పీకర్లో కొండ దాకా వినిపించింది. ముక్కు మళ్లీ మూసుకుపోయింది. అందరూ నావైపే చూస్తున్నారు. ఇక గతిలేక, మాట మాటకూ ఆగి నోటితో ఊపిరి మింగుతూ పాటను ఎలాగో చివరిదాకా ఈడ్చి, వచ్చి అవ్వ పక్కన కూలబడ్డాను.

"చెడగొట్టినాను గదా అవ్వా."

అవ్వ కళ్లు తుడుచుకుంటూ ఉంది. "మీ నాయన గూడా ఇట్టనే పాడేవాడు గదరా. ఆయనకీ ముక్కాడేది కాదు, మాటకోసారి ఆగేవాడు. భక్తితో గొంతు పూడుకుపోతుండాదని ఊరోళ్లు అనుకునేవాళ్లు."

ఇప్పటికీ ఆ పాట నాదే, ముక్కూ అలాగే ఉంది. క్లిప్పు మాత్రం మా బీరువా తలుపుకు అతుక్కుని ఉంది. దాన్ని చూస్తే, ముక్కు బాగుపడాలని అంతగా ఏడ్చిన ఆ కుర్రాడి మీద నవ్వొస్తుంది. బాగుపడి ఉంటే వాడికి నాయన గొంతు దొరికేదే కాదు.