అక్క రెప్ప వెంట్రుక

నులిపురుగులు అనగానే అందరూ కడుపు పట్టుకుంటారు. మా పెద్దమ్మ ముప్పయ్యేళ్లు ఏరినవి అవి కావు. చెరువు అడుగు బురదలో, తడి నాచులో, వాగు ఇసుకలో ఎవరి జోలికీ పోకుండా బతికేవి. నీళ్ల పరిశోధనశాలలో బురదను జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి, గాజు పలకల మీద భద్రం చెయ్యడం ఆవిడ ఉద్యోగం.

"గుప్పెడు బురదలో ఇన్ని వేల కాపురాలు. మనకేమో మూడు గదులు చాలవు," అని నవ్వేది.

సూదితో ఎత్తితే పురుగు తెగుతుంది. అందుకని పుల్ల చివర కనురెప్ప వెంట్రుక అంటించి ఎత్తుతారు. పెద్దమ్మ వాడేవన్నీ అక్కవే, అంటే తన ఒక్కగానొక్క కూతురివి. అక్క రెప్పలు బారెడు. ఒక్కోసారి వెంట్రుక విరిగి, ముక్క పురుగుతోపాటు పలకలోనే ఉండిపోయేది.

"మళ్లీ విరగ్గొట్టావా? నన్ను బోడిరెప్పలదాన్ని చేసేదాకా వదలవా అమ్మా?" అని గునుస్తూనే అక్క ఇంకోటి ఇచ్చేది.

అక్క జ్వరంతో పోయి రెండేళ్లయింది. మిగిలింది ఒక పుల్ల చివరనున్న ఒక్క వెంట్రుక. పెద్దమ్మ దాన్ని రోజూ కడిగి గాజు గొట్టంలో దాచుకునేది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ నేను చేసిన పని చూడండి.

నేనూ ఆ పరిశోధనశాలలోనే ఉద్యోగంలో చేరిన రెండో నెల. లోహపు సూదుల్ని స్పిరిట్ దీపం మంటలో కాల్చి శుభ్రం చేస్తున్నాను. పరధ్యానంలో అక్క వెంట్రుక ఉన్న పుల్లనూ మంటలో పెట్టాను. చిటుక్కుమంది. కాలిన వాసన వచ్చింది.

పెద్దమ్మ తలెత్తి చూసింది. ఆ క్షణాన ఆవిడ ముందున్న గిన్నెలో కొండ ఊట పురుగు ఉంది. ఆ ఊటలో తప్ప ఇంకెక్కడా దొరకని జాతి. ఊట ఆ వేసవిలోనే ఎండిపోయింది. దొరికిన మగది అదొక్కటే.

"ఏడుపు తర్వాతే. ముందు దీన్ని ఎత్తాలి, లేకపోతే ఎండిపోతుంది," అంది.

నా రెప్ప వెంట్రుక పీకి ఇచ్చాను. పొట్టిది, పురుగు జారిపోయింది. పెద్దమ్మ తన రెప్ప నుంచి ఒకటి లాగి అంటించింది. తెల్లది. పురుగును గ్లిజరిన్ చుక్కలో పెట్టి, పైన పల్చటి గాజు కప్పి, అంచులు మైనంతో మూసింది. తర్వాత కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

నేను మూడు రోజులు అన్నం మానేసి పనికిరాని పలకల పెట్టె వెతికాను. రెండు వందల పైచిలుకు చూశాక ఒకదాని మీద పెద్దమ్మ రాత కనిపించింది: "రెప్ప విరిగి లోపల పడింది. పారెయ్యాలి." పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆవిడను పిలిచాను.

పెద్దమ్మ చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఇంకా నల్లగానే ఉందే," అంది.