గోల్‌కీపరు మేనకోడలు

భోగాపురం దగ్గరి సముద్రపు ఊళ్ళో సూరాడ లక్ష్మణమ్మను ఎరగనివాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలోనే చేపల తట్ట నెత్తికెత్తుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. బస్సెక్కితే వెనక్కి పొమ్మనేవారు, ఆటో ఎక్కితే తట్టను పైన కట్టమనేవారు. ఆమె తగువు పడేది కాదు. "సేపకి సేప వాసన రాక మల్లెపూల వాసన వస్తాదేటి?" అని నవ్వి, చూపించిన చోట కూర్చునేది.

భర్త కూర్మయ్యకు నడుం పట్టేసి వేట మానుకున్నాక ఇంటి బరువు ఆమె మీదే పడింది. డ్వాక్రా సంఘం ఆడవాళ్ళను కూడగట్టుకుని నెత్తళ్ళనే చిన్న చేపలను ఎండబెట్టి పొట్లాలు కట్టడం, రొయ్యల పచ్చడి పెట్టడం మొదలుపెట్టింది. అది నిలదొక్కుకుంది. కూతురు అరుణశ్రీ రాజాంలో డిగ్రీ చదువుతోందంటే ఆ పొట్లాల చలవే.

కిందటేడు విజయనగరంలో పెద్ద వ్యాపార ప్రదర్శన జరిగింది. మిక్సీలు, సోఫాలు, ట్రాక్టర్లు, చీరలు, అన్నీ ఒక్కచోటే. లక్ష్మణమ్మ సంఘానికీ అందులో ఒక స్టాల్ దొరికింది, అదీ గేటుకి ఎదురుగా. తల్లీ కూతుళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చి బల్ల మీద గుడ్డ పరిచి సరుకు సర్దుకున్నారు. పక్కనే ఒక బూట్ల కంపెనీ స్టాల్. ఆ మధ్యాహ్నం అక్కడికి ఫుట్‌బాల్ క్రీడాకారిణులు వస్తారని మైకులో ఒకటే ఊదరగొడుతున్నారు.

పదకొండింటికి నిర్వాహకుడు గిరిబాబు వచ్చాడు. నెమ్మదస్తుడే, కానీ మొహం ఎర్రగా ఉంది.

"అమ్మా, ఏటనుకోకండి. పక్కోళ్ళు వాసనంటన్నారు. లీగుల్లో ఆడే ప్లేయర్లు వస్తన్నారు కదా. ఈ ఒక్క పూటకీ వెనకాల జనరేటరు పక్కకి సర్దుకుంటారేటి?"

అరుణశ్రీ గయ్యిమంది. "మాకు ఇచ్చిన సోటు ఇది! ప్లేయర్లు సేపలు తినరేటి?"

"ఊరుకోవే," అంది లక్ష్మణమ్మ. "ఆ బాబు పైనెంత మందున్నారో. బుట్ట ఎత్తు."

జనరేటరు పక్కన మళ్ళీ బల్ల వేసుకున్నారు గానీ అక్కడ జనం లేరు, మోతే మోత. పన్నెండు దాటాక క్రీడాకారిణులు వచ్చినట్టు అరుపులను బట్టి తెలిసింది. కుర్రకారంతా సెల్‌ఫోన్లు ఎత్తి అటు పరిగెత్తారు. అరుణశ్రీ మూతి ముడుచుకుని కూర్చుంది. లక్ష్మణమ్మ చద్దన్నం కారియరు విప్పింది. నెత్తళ్ళ వేపుడు మూత తీయగానే చుట్టూ ఘుమఘుమలాడింది.

అప్పుడు గుడారం చాటునుంచి ఒక పొడుగాటి అమ్మాయి వచ్చింది. ఒంటి మీద కంపెనీ చొక్కా, కాళ్ళకు తళతళలాడే కొత్త బూట్లు. ఆటగత్తె అని చూడగానే తెలుస్తోంది. ఫొటోల నుంచి కాస్త తప్పించుకుని ఊపిరి తీసుకోవడానికి ఇటు వచ్చినట్టుంది. ఆగి, గాలి పీల్చి, కారియరు వైపు చూసింది.

"నెత్తళ్ళేనా అమ్మా?"

తల్లీ కూతుళ్ళు మొహాలు చూసుకున్నారు. మాటలో ఏదో ఒడియా యాస ఉంది, కానీ తెలుగే. అదీ తమ తెలుగే.

"నెత్తళ్ళే. నీకెలా తెలుసమ్మా?"

"మాది గోపాల్‌పూర్. నా పేరు మినతి. గోల్‌కీపర్ని. మా వోళ్ళదీ సేపల ఏటే. ఇంట్లో అందరం ఈ మాటే ఆడతాం. ఎప్పుడో మా ముత్తాతలు ఇటేపునుంచే పడవలేసుకుని ఎల్లారంట."

లక్ష్మణమ్మ కారియరు మూతలో అన్నం పెట్టి, వేపుడు వేసి చేతికిచ్చింది. "కూకో. తిను." ఆ పిల్ల బూట్లు విప్పి బుట్ట పక్కన కింద కూర్చుని, మూడు ముద్దలు తిన్నాక తలెత్తింది. కళ్ళలో నీళ్ళు. కారమని అనుకుంది అరుణశ్రీ.

"ఏడాది నుంచి హాస్టలు కూడే," అంది మినతి. ఎడం చేత్తో ఫోను తీసి వీడియో కాల్ కలిపింది. "అమ్మా, ఎక్కడున్నానో సూడు!"

తెర మీద మినతి తల్లి దాలమ్మ కనిపించింది. పిల్ల చేతిలో కూడు చూసింది, పెట్టినామెను చూసింది. రెండు చేతులూ జోడించింది.

"ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేటి?"

"భోగాపురం కాడ. సూరాడోళ్ళం."

"ఓలమ్మో!" దాలమ్మ కేక జనరేటరు మోతను మించింది. "నా పుట్టిల్లూ సూరాడోళ్ళేనే! నీ పెనిమిటి నాకు అన్నవుతాడు. నువ్వు నాకు వొదినివి!"

కూర్మయ్యకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. ఇన్నేళ్ళ కాపురంలో వదినా అని పిలిచే ఆడపడుచు లక్ష్మణమ్మకు దొరకలేదు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

దాలమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు. "ఒసే మినతీ, తినేసి కూకుంటావేటి? లేచి మీ అత్తకి సరుకు అమ్మిపెట్టు!"

ఆ పిల్ల చెయ్యి కడుక్కుని నిజంగానే బల్ల వెనక నిలబడింది. వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్ళు ముందు నివ్వెరపోయారు, తర్వాత మూగారు. అరుణశ్రీ వెనకనుంచి పొట్లాలు విసురుతుంటే మినతి అటూ ఇటూ దూకి పట్టుకునేది. పట్టినప్పుడల్లా ఈలలు. బూట్ల కంపెనీ మేనేజరు చూసి చూసి, ఫొటోల బోర్డును తానే ఎత్తుకొచ్చి చేపల బల్ల పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రానికి బల్ల ఖాళీ.

గిరిబాబు తలొంచుకుని వచ్చి, రేపట్నుంచి మీ చోటు మీదేనన్నాడు.

"ఇస్తే ఎందుకొద్దంటాను బాబూ," అంది లక్ష్మణమ్మ. దాచి ఉంచిన రొయ్యల పచ్చడి సీసా ఆయన చేతిలో పెట్టింది. ఆయన వెళ్ళాక అరుణశ్రీ కసిరింది. "పొమ్మన్నోడికి పచ్చడేటమ్మా?"

"ముందరే ఉండుంటే ఆ జనంలో ఆ పిల్ల మన కాడికి వస్తాదేటే? ఆ బాబు సలవే గదా," అంది తల్లి.

చలికాలంలో భువనేశ్వర్‌లో మినతి జట్టుకు ఆట పడింది. కూర్మయ్య నడుముకు బెల్టు బిగించుకుని మరీ బయల్దేరాడు. ముగ్గురూ రైలెక్కారు. బరంపురంలో దాలమ్మ ఎక్కింది. అన్నను చూసి చెయ్యి పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.

ఆట లక్ష్మణమ్మకు అర్థం కాలేదు. బంతి మినతి వైపు వస్తే చాలు, కళ్ళు మూసుకునేది. "అయ్యో, పిల్ల పడిపోనాది వొదినా!"

"పడాల. దాని పని అదే," అంది దాలమ్మ.

ఆ రోజు జట్టు ఓడింది. మినతి మట్టికొట్టుకున్న బట్టలతోనే వచ్చి, "అత్తా, ఏటి తెచ్చావు?" అంది. అందరూ స్టేడియం మెట్ల మీదే కూర్చుని తిన్నారు.

తిరుగు ప్రయాణంలో దాలమ్మ బరంపురంలో దిగలేదు. తాతలు పడవెక్కిన ఆ ఒడ్డు ఒక్కసారి చూస్తానంది. విజయనగరంలో దిగగానే లక్ష్మణమ్మ అందరినీ తిన్నగా బట్టల కొట్టుకు తీసుకెళ్ళింది. ఆడపడుచు మొదటిసారి పుట్టింటికి వస్తోంది, చీర పెట్టకుండా ఎలా? కొట్టువాడు ఒక్కొక్కటే విప్పి పరుస్తుంటే దాలమ్మ వద్దు వద్దంటూనే, ఎర్రంచు ఆకుపచ్చ చీర దగ్గర చెయ్యి ఆపింది.