కుట్టుమిషన్ నూనె

ఎర్మెలిండాకి పదహారో ఏట చేతికొచ్చిన ఆకురాయి అరవయ్యో ఏట గాని వదల్లేదు. గార్దోనె లోయలో ఒక తుపాకుల కార్ఖానా. నూటయాభై ఏళ్ళ కిందటి రివాల్వర్లకి అక్కడ కొత్తగా నకళ్ళు చేస్తారు. గొట్టాన్ని మిగతా తుపాకీకి పట్టి ఉంచే చిన్న అడ్డచీలని అరగదీసి సరిపెట్టడం ఆమె పని. వెంట్రుకంత ఎక్కువ అరిగితే గొట్టం ఊగుతుంది. ఆమె పెట్టిన చీలకి ఎవరూ ఏనాడూ వంక పెట్టలేదు.

మొగుడి పేరు బోర్తొలో, బస్సు డ్రైవరుగా చేసేవాడు. పెళ్ళయ్యాక ఆమె దగ్గరే రివాల్వర్ విప్పడం నేర్చుకుని, పదేళ్ళు తిరిగేసరికి ఆమెకే పాఠాలు చెప్పడం మొదలెట్టిన ఘనుడు.

ఒక ఆదివారం గురిపందెం నుంచి వచ్చి, రివాల్వర్ బల్ల మీద పెట్టి, కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. మాట మాత్రం వస్తుందో రాదో చెప్పలేమన్నారు. నలభై ఏడేళ్ళుగా నోరు మూయని మనిషి, గోడకేసి చూస్తూ పడుకున్నాడు.

మర్నాడు బట్టల కోసం ఇంటికొస్తే రివాల్వర్ అలాగే ఉంది. పాతకాలపు మందు కాల్చిన తుపాకీని ఆ పూటే కడగాలి, లేదంటే ఆ మసి తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది. ముందు సిలిండర్‌లో మందుగుండు కూరే ఆరు గదులూ ఖాళీయేనని చూసుకుంది. కొయ్యసుత్తితో చీలని తట్టి, గొట్టం లాగి, సిలిండర్ జార్చింది. అన్నీ మొక్కజొన్న సంకటి వండే పాత పొలెంతా గిన్నెలో మరిగే సబ్బునీళ్ళలో వేసింది. కుళ్ళిన గుడ్ల కంపు ఇల్లంతా నిండింది. తుప్పు ఇంకా పట్టలేదు, హమ్మయ్య. ఆరబెట్టి, గొర్రెకొవ్వూ తేనెమైనమూ కలిపిన ముద్ద రాసింది. మిషన్ నూనె రాస్తే మసితో కలిసి తారులా గడ్డకడుతుందని ఆ లోయలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

గురువారం పొద్దున రివాల్వర్‌కి మళ్ళీ ఒక పూత ఆ కొవ్వుముద్ద రాసి, ఆస్పత్రికి వెళ్ళింది.

"పందెంలో మూడోవాడివట. విన్నావా?"

ఆమె ఆయన దుప్పటి సరిచేసింది.

"పక్కింటివాళ్ళ మేక మన క్యాబేజీలన్నీ మేసేసింది."

గోడే చూస్తున్నాడు. ఎర్మెలిండాకి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

"నీ రివాల్వర్ కూడా తుడిచేశాలే. కడగడానికి ఎవరికి తీరిక? కుట్టుమిషన్ నూనె గరిటెడు పోసి, గుడ్డ చుట్టి పడేశా."

బోర్తొలో మెల్లగా తల ఇటు తిప్పాడు. ఎడమ చెయ్యి దుప్పటి మీద టపటపా కొట్టుకుంది.

"నూ... నూనెనా?"

ఆమె మంచం మీదికి వంగింది. "ఆఁ, నూనే."

"వేడి... నీళ్ళే, మొద్దూ! వేడినీళ్ళు! ఎన్నిసార్లు... చెప్పాను?"

"నువ్వు చెప్పావా? నీకు నేర్పిందే నేను, ముసలి గాడిదా!"

నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా?"

"తిడుతున్నాడు తల్లీ! నన్ను తిడుతున్నాడు!" ఎర్మెలిండా నవ్వుతూ ఏడుస్తోంది. నాలుగు రోజులుగా గుండెల మీదున్న బండరాయి ఎవరో ఎత్తి అవతల పడేసినట్టుంది.

ఆయన మాత్రం కోపంగానే ఉన్నాడు. ఆమె తన వేళ్ళు తీసుకెళ్ళి ఆయన ముక్కు కింద పెట్టింది. వాసన చూశాడు. గొర్రెకొవ్వు, తేనెమైనం. నమ్మకం కుదరక మళ్ళీ చూశాడు.

"అబద్ధాల... కోరు," అన్నాడు, ఆ వేళ్ళు వదలకుండా.