మొఘల్‌పురాలో ఒక వాకిలి కొలిచిన రోజు

మా మనవడు నర్సింహ సర్వే చదువులో ఆఖరి సంవత్సరం విద్యార్థి. పరీక్షకు ముందు నలుగురు కలిసి, ప్రొఫెసర్ పర్యవేక్షణలో, పట్నంలోని ఒక గల్లీని ఇంటింటికీ కొలిచి పటం గీయాలి. వీళ్లకు మొఘల్‌పురా వచ్చింది. "అమ్మమ్మా, అన్నీ అయినయి. ఒక్క ఇంటి వాకిలి మిగిలింది. ఆడోళ్లుండే జాగా అని మమ్ముల లోపలికి రానిస్తలేరు. పటంల ఖాళీ ఉంటే సారు సంతకం పెట్టడు, ఏడాది పోతది" అని ఉత్తరం రాశాడు. అంకెలు చదవగల ఆడమనిషి కావాలి. నేనే బయలుదేరాను.

పాలమూరులో తొలిబండి ఎక్కితే తొమ్మిదిన్నరకు కాచిగూడ చేరుకోవచ్చు. యుద్ధకాలం కనుక బస్సులు తక్కువ. జట్కా ఎనిమిది అణాలకు కుదిరింది. చార్మినార్ దాటి కొంత దూరం పోగానే జట్కా ఆగింది.

"ఇగ దిగాలె అమ్మా."

"మొఘల్‌పురా దాక అన్నవు గదా?"

"అన్న. గల్లీల దాక అన్ననా? లోపలికి పోతే గుర్రం ఎన్కకు నడవాలె. దానికి గా విద్య రాదు."

సందులోకి వెళ్లాక అతని మాట నిజమని ఒప్పుకున్నాను. రెండు చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. మూడో మలుపులో మూడు కాళ్ల బల్ల మీద పటం పరిచి ఉంది. నేను అప్పుడే తిరిగి వచ్చిన మలుపులు, కాలు తట్టుకున్న మెట్టు, దాటిన మురుగు మోరీ అన్నీ అందులో ఉన్నాయి. ప్రొఫెసరూ, నలుగురు పిల్లలూ దాని చుట్టూ నిలబడి ఉన్నారు. నట్టనడుమ మాత్రం అరచేయంత తెల్లకాగితం మిగిలి ఉంది.

నర్సింహ వంద అడుగుల ఇనుప గొలుసు చేతికిచ్చాడు. పది అడుగులకొక ఇత్తడి బిళ్ల. బిళ్ల అంచుకు పదికి ఒక పన్ను, ఇరవైకి రెండు, అట్లా నలభైకి నాలుగు, యాభైకి గుండ్రటి బిళ్ల. "ఇంకొకటున్నది అమ్మమ్మా" అన్నాడు. "తెలిసింది, చాలు" అని లోపలికి నడిచాను.

ఇంటి పెద్ద బీబీ తమలపాకుల పాన్‌దాన్ పక్కన పెట్టి లేచింది. "ఏందమ్మా, ఇల్లు కొంటవా ఏంది?"

"కొనను బీబీ, కొలుస్త."

"ఇయ్యాల కొలిచేటోళ్లే రేపు కొంటరు!" కోడలు నవ్వుతూ గొలుసు కొన పట్టుకుని గడప దగ్గర నిలబడింది. వెనక గోడ దగ్గర నాలుగు పళ్ల బిళ్ల తగిలింది. బయటికి వచ్చి నలభై అని చెప్పాను.

ప్రొఫెసర్ గీత గీసి ఆగాడు. "ఎన్క గల్లీల నుంచి గా గోడను నిన్ననే పటంల పెట్టినం. మీ గోడ దానికి ఇరవై అడుగులు ఇవతల్నే ఆగింది. నడుమ ఎవరుంటరమ్మా?"

"గుండు బిళ్ల దాటినంక పళ్లు మళ్ల తగ్గుతయి అమ్మమ్మా. అరవైకి గూడ నాలుగే. గదే చెప్పబోతే ఆపినవు" అన్నాడు నర్సింహ. "అరవై రాసేస్త సార్."

"చూసినవా?" అన్నాడు ప్రొఫెసర్.

"లేదు."

"అయితే రాయకు."

తప్పు నాది. మళ్లీ లోపలికి వెళ్లాను.

"ఏంది, గింతల్నే ఇల్లు పెరిగిందా?" అంది బీబీ.

"నా లెక్క తప్పింది బీబీ." ఈసారి ఆమె కూడా గొలుసు వెంట వంగి నడిచింది. ఒక్కో బిళ్లనూ తాకుతూ "దస్, బీస్, తీస్, చాలీస్" అంది. గుండు బిళ్ల దగ్గర "పచాస్". గోడ దగ్గర "సాఠ్!"

నేను బయటికొచ్చి చెప్పిన అరవై అడుగులకు ప్రొఫెసర్ చుక్క పెట్టాడు. ఈ ఇంటి గడప తొక్కని పిల్లలు వెనక గల్లీలో నిలబడి గీసిన గీత మీదే ఆ చుక్క పడింది. వాకిట్లోని బావి, గదుల కొలతలు కూడా అందించాను. మధ్యాహ్నానికి తెల్ల జాగా నిండింది. ప్రొఫెసర్ సంతకం పెట్టాడు.

పటం ఒకసారి చూపించమని బీబీ కబురు పంపితే తీసుకెళ్లాను. ఆమె తన బావిని వేలితో వెతికి పట్టుకుంది. ఆ వేలు మెల్లగా వెనక గోడ దాటింది. "గీడ గల్లీ ఉన్నదా? పెండ్లయి నలభై ఏండ్లాయె. రోజూ మాటలు ఇనబడుతయి గాని, ఎటు పోతరో తెల్వకపాయె" అంటూ ఆ గల్లీ వెంట మలుపు మలుపునా వేలు నడిపించింది. ఎంత దూరం పోతుందో చూడాలని నేనూ పటం మీదికి వంగాను. అది కాగితం అంచు దాకా వెళ్లి ఆగింది. "దీని ఎన్క?" అని అడిగింది.

ఇటువంటి పని మీద వెళ్లేవారికి ఒక్క మాట: శుక్రవారం కాకుండా చూసుకుని, పదింటికల్లా చేరండి, తిరుగు బండి మాత్రం సాయంత్రానిదే పెట్టుకోండి, కొలిచిన ఇంటివారికి పటం చూపించడానికి ఒక గంటైనా పడుతుంది.