గంటపువ్వుకు గంటే గడువు

ముందే చెబుతున్నాను, ఇది నా తెలివి నట్టేట మునిగిన కథ. నవ్వుకోండి, కానీ మా ఆవిడ ఎదుట మాత్రం నవ్వకండి. మళ్ళీ మొదటినుంచీ చెప్పిస్తుంది.

పెళ్ళైన రెండో ఏడు, ఎమ్మిగనూరులో మా ఆవిడ సువార్త జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పారు, ఇక నడవమని డాక్టరమ్మ చెప్పింది. సువార్త మాత్రం భయంతో మంచం దిగలేదు. నెల గడిచింది. నవ్వు మరిచిన ఆ మొహం చూస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అప్పుడు మా బామ్మర్ది బెంగళూరు నుంచి నీలం మొగ్గల మొక్క ఒకటి తెచ్చాడు.

"బావా, ఇది అక్కకు. పొద్దున ఎండ తగలాల, మద్దేనం నీడుండాల. ఉత్త నల్లమట్టిలో పెట్టొద్దు, నీళ్ళు నిలిస్తే సస్తాది."

"దీని పేరేందిరా?"

"గంటపువ్వు."

సాయంత్రం నాలుగింటికి పూసే చంద్రకాంత ఉంది కదా, అలాగే ఇది గంటసేపే ఉండే పువ్వు కాబోలని నా బుర్ర తీర్మానించేసింది. అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? అడగలేదు.

పెరట్లో మునగచెట్టు నీడ అంచున, మట్టిలో ఇసుక కలిపి నాటాను. మొగ్గ ఉబ్బింది. ఇక ఆదోని మిల్లుకు పోవడం మానేసి, పీట వేసుకుని కాపలా కూర్చున్నాను. మూడో రోజు మేస్త్రీ ఫోను చేశాడు.

"డ్యూటీకి రాలేదేమప్పా?"

"పువ్వు పూస్తాదన్నా!"

"పిచ్చి గాని పట్టిందా నీకు?"

"గంటేనన్నా! తప్పిపోతే సువార్త సూడలేదు."

ఆయన టక్కున ఫోను పెట్టేశాడు.

నాలుగో రోజు పొద్దున పువ్వు విచ్చింది. "సువార్తా! పూసింది! గంటేనే! గంటలో వాడిపోతాది!" అని వీధంతా అదిరేలా అరిచి, ఆమెను కూర్చోబెట్టి మోసుకొద్దామని కుర్చీ కోసం పక్కింటికి పరుగెత్తాను. లుంగీ గేటుకు చిక్కుకుని సగం అక్కడే ఉండిపోయింది. ఆ ముచ్చట వదిలేయండి.

కుర్చీతో వచ్చి చూస్తే మంచం ఖాళీ. పెరట్లోకి ఉరికాను. గోడ పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, సువార్త పువ్వు ముందు నిలబడి ఉంది. తన కాళ్ళ మీద! తెచ్చిన కుర్చీలో నేనే కూలబడి ఏడ్చేశాను.

మర్నాడు చూస్తే పువ్వు అలాగే ఉంది. ఆ మర్నాడూ ఉంది.

"ఏమే, ఇది వాడిపోదేమే?"

"గంటంటే టైమనుకున్నావా నా దేవుడా! సర్చి గంట. ఆకారం సూడు."

"నీకు ముందే తెలుసునా?"

"మా తమ్ముడు ఆ పొద్దే సెప్పినాడు."

"మరి అంత కష్టపడి యాలా నడిసినావు?"

"నువ్వు అరిసిన అరుపుకు. పువ్వు కాదు, నువ్వే వాడిపోయేట్టుండావు."

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు: ఇకపై ఏ మొక్క నాటినా, దాని పేరుకు అర్థమేమిటో పెళ్ళాన్ని అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే డ్యూటీ ఎగ్గొడతాను.